వెలిగొండ పాదసీమలో నీటికి హక్కుదారులెవ్వరు?

కన్నడసీమలోని నంది పర్వతములలో జన్మించి, అనంతపురము, కడప జిల్లాల యెండిన నేలల మీదుగా నడచివచ్చిన పెన్న, వెలిగొండల వరుసను ఒకచోట చీల్చుకొని నెల్లూరు సీమలోనికి దిగుచున్నది. ఆ చోటే సోమశిల. కొండల నడిమి యిరుకునకు అడ్డముగా 1970వ దశకమున ఆరంభించి కట్టిన ఆనకట్ట వెనుక 78 టీఎంసీల నీరు నిలువగలదు. పెన్నా డెల్టాలోని మాగాణికి ప్రాణాధారము ఆ నీరే. 1983 నాటి ఒప్పందము ననుసరించి చెన్నపట్టణమునకు పోవు తెలుగుగంగ, కండలేరునకు చేరక మున్ను నిలిచి సాగు తావును అదియే. ఇంతటి జలాశయమును తన పొలిమేరలోనే ఉంచుకొన్న అనంతసాగరము మండలమున, వాన కురిసిననే గాని గింజ మొలవని మెట్టచేలు నేటికిని విస్తారముగ నున్నవి. ఆ చేలను, వాని నానుకొనిన కొండవాలును, ఆ వాలున మేయు మందలను, కొండను చెరువును నమ్ముకొని బ్రతుకు గుడిసెలను నీటి లెక్కలు వ్రాయువారు ఇంతవరకు తమ లెక్కలలో చేర్చుకొనలేదని, చేర్చుకొనవలసిన కాలము మించిపోవుచున్నదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నైరృతి మేఘములు వెలిగొండలను దాటి యిటువైపు వచ్చునప్పటికి చాలవరకు వట్టిపోయి యుండును. ఈ సీమకు అసలైన వాన ఆశ్వయుజ కార్తీకములలో తూర్పు సముద్రము మీదుగా వచ్చునదే. కావున కృష్ణా గోదావరీ తీరములలో తొలకరితో మొదలగు సేద్యపు సంవత్సరము ఇచ్చట చెరువు నిండిన పిమ్మట గాని మొదలుకాదు. అక్టోబరు, నవంబరులలో నాట్లు, మాఘ ఫాల్గుణములలో కోతలు. అటుపిమ్మట నీరు మిగిలియుండినచో ఎడగారు అను రెండవ పంట. ఎడగారు పండునా లేదా అన్న ప్రశ్నతోనే ఆడపిల్ల పెండ్లియు, అప్పు తీరుటయు, ఇంటి మీదికి కొత్త రేకు వచ్చుటయు ముడిపడి యుండుటచేత, ఆత్మకూరు బస్సు కొరకు కాచుకొని టీ అంగడి ముందు నిలుచున్న వారిలో ఒకరు మరియొకరిని తొట్టతొలుత అడుగు మాట "డ్యాములో ఎంతుందన్నా?" అనునదే. అంకెను టీఎంసీలలో చెప్పుకొందురు. అక్షరము రాని వృద్ధుడును ఆ యంకెను వినగానే తన కయ్యకు నీరు వచ్చునో రాదో చెప్పగలడు.

తెల్లవారక ముందే పాలక్యానులు పాలకేంద్రము వైపు కదలును. నాట్ల దినములలో స్త్రీలు జట్లు జట్లుగా సద్దిమూటలతో రేవూరు వైపో, ఇనగలూరు వైపో ఆటోలలో సాగిపోవుదురు. గొర్రెలకాపరి మాత్రము తొందరపడడు. మంచు ఆరని గడ్డి మేసిన గొర్రె రోగమున పడునని అతడు తాతల నాటినుండి యెఱుగును గనుక పొద్దెక్కిన తరువాతనే మందను కొండదారి పట్టించును. బ్యాంకు పనియైనను, ఆస్పత్రి పనియైనను, పట్టాదారు పాసుపుస్తకములోని తప్పు దిద్దించుకొను పనియైనను పెక్కుసారులు ఆత్మకూరునకు పోవలసివచ్చును. దానికొక దినపు కూలి పోవును. పంట యింటికి వచ్చిన తరువాత ధరను మాటాడునది పుట్టి లెక్కన. నెల్లూరు పుట్టి అనగా 850 కిలోలు. సర్కారు కాగితము క్వింటాలు లెక్క చెప్పును, వ్యాపారి పుట్టి లెక్క చెప్పును. ఈ రెంటి నడుమ మనసులోనే కూడికలు తీసివేతలు చేసికొనుచు రైతు కల్లమున నిలుచుండును.

అనంతసాగరమను గ్రామపు నామములోనే సాగరమున్నది. ఊరి చెరువు విజయనగర ప్రభువుల కాలమునాటిదని జనశ్రుతి. ఆ కాలమున చెరువును త్రవ్వించి, కట్టను కాపాడువానికి దశబంధమను ఇనాము నిచ్చెడి ఆచారము ఈ దక్షిణ సీమలలో నుండెడిది. చెరువు క్రింద పండిన భూమిలో కొంత భాగము చెరువును బాగుచేయువానిదే. పిమ్మట కుంఫిణీ పాలనలో ఆ యినాములు అనేకము క్షీణించినను, వేసవిలో ఇంటికొక మనిషి చొప్పున వచ్చి కాలువల పూడిక తీయు కుడిమరామత్తు మరికొంతకాలము నిలిచినది. నేడు కట్ట తెగినచో టెండరు పిలువవలెను, తూము తలుపు విరిగినచో అర్జీ పెట్టవలెను. కలుజు మీద మొలచిన తుమ్మచెట్టును కొట్టుటకు ఎవరి యనుమతి కావలెనో ఊరిలో ఎవ్వరికిని రూఢిగా తెలియదు. చెరువు మీద ప్రేమ తగ్గినదని గ్రామస్థులను నిందించువారున్నారు, నేనది అంగీకరింపను. చెరువు మీది యధికారము పోయిన పిదప బాధ్యత మాత్రము నిలువవలెనని కోరుట న్యాయము కాదు.

చెరువునకు కయ్య యొక్కటే ఋణపడి యున్నదని తలచుట పొరపాటు. నెల్లూరు జాతి గొర్రెను గూర్చి దేశమంతట పశుశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు: తెల్లనిది పల్ల, తెలుపు మీద నల్లమచ్చలు గలది జోడిపి, ఎఱ్ఱనిది దోర. ఆ పొడవుకాళ్ల జాతి ఈ మెట్టల యందు, ఈ యెండలయందు, కాపరుల కనుసన్నలలో తరతరములుగా తీర్చబడినది. కోతలైన తరువాత కాపరి తన మందను రాత్రివేళ రైతు కయ్యలో కట్టును. రైతునకు ఎరువు, కాపరికి రాత్రికింతయని రొక్కమో, వెనుకటివలె ధాన్యమో. ఏ కార్యాలయపు పుస్తకమునందును లేని ఈ యొడంబడిక వలన నేల సారము నిలుచుచున్నది. అయితే పగలు మందకు దప్పి తీరవలెనన్న చెరువున నీరుండవలె. ఏప్రిలు, మే నెలలలో చెరువు అడుగంటినచో కాపరి మందను తోలుకొని కాలువనీరు పారు డెల్టా పల్లెల దారి పట్టును. అతనితోడి పిల్లవాని చదువును ఆ దారినే పోవును.

వీరికన్నను లెక్కకు రానివారు యానాదులు. కొండనుండి తేనె, చెరువునుండి చేప, చేనిగట్టున ఎలుక, రాత్రి తోటకు కావలి, ఇవి వారి జీవనపు నాలుగు మూలలు. చేనిని దోచు ఎలుకను బొరియతో సహా త్రవ్వి తీయు నేర్పు వారిది. ఆ నేర్పునకు రైతు ఇచ్చు ప్రతిఫలము ఎల్లప్పుడును స్వల్పమే. తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగని ఎఱ్ఱచందనము ఈ వెలిగొండలయందును, వీనికి పొరుగైన శేషాచల, పాలకొండల యందును ఉండుట యొక సంపద; కాని దొంగరవాణా పెచ్చుపెరిగిన కొలదియు అడవి మీద కావలి బిగిసినది, ఆ బిగింపు మొట్టమొదట తగిలినది దుంగ నెన్నడును తాకని, తేనె తీయువాని చేతులకే. కొండదారి మూసికొనిపోయిన వానికి మిగిలినది చెరువు. ఆ చెరువులోని చేపను వేలము పాడుకొన్నవాడు వేరొకడు.

ఇప్పుడు చట్టము మాట. 1997లో ఆంధ్రప్రదేశమున రైతుల చేతికి నీటి యాజమాన్యము నిచ్చు చట్టము వచ్చినది, నీటిసంఘములు ఏర్పడినవి. ఇంజనీరు చేతిలోని తాళపుచెవిని కొంతయైన రైతునకు అందించిన ఆ చట్టమును నేను గౌరవించుచున్నాను. అయినను సంఘమున ఓటు కలవాడు ఆయకట్టులో భూమి గలవాడు, లేదా ఆ భూమిని కౌలునకు చేయువాడు మాత్రమే. మందను తోలుకొని వచ్చు కాపరికి, వల వేయు యానాదికి, గట్టున బట్టలుతుకు చాకలికి చెరువుతో నిత్యసంబంధ మున్నను చెరువును గూర్చిన నిర్ణయమున ఓటు లేదు. ఇక జిల్లా నీటిపారుదల సలహామండలి కూర్చున్నప్పుడు చర్చ యంతయు ఇన్ని లక్షల యెకరములకు ఇన్ని టీఎంసీలు అను ఒక్క సూత్రము మీదనే నడచును. పశువు దప్పికి ఎంత, చెరువు అడుగున నిలువవలసినది ఎంత యని యడుగువాడు ఆ సభలో కూర్చుండినచో ఆ సూత్రము కొంచెము మారక తప్పదు.

డెల్టా రైతుతో నాకు వైరము లేదు. సంగము, నెల్లూరు ఆనకట్టల క్రింది హక్కు పురాతనమైనది, దానిని తగ్గింపుడని నేనడుగుట లేదు. అయితే 2021 నవంబరు 19న, సోమశిలకు ఎగువన పెన్నలో కలియు చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగినప్పుడు ఆ వరద యంతయు సోమశిల మీదనే పడినది. పైనుండి విడిచిన నీటికి మొట్టమొదట ఎదురు నిలిచినవి డ్యాము దిగువనున్న యీ తీరపు పల్లెలే. ముంపున ముందుండువారు పంపకమున వెనుక నుండుట మాత్రము నాకు సహింపరానిదిగ నున్నది.

మెట్టలకు నీరెత్తి యిచ్చు హైలెవెల్ కాలువ సంకల్పము చిరకాలముగ నానుచున్నది. అది త్వరగా పూర్తి కావలెనని మర్రిపాడు, అనంతసాగరము, ఉదయగిరి వైపు మెట్టరైతులతో పాటు నేనును కోరుచున్నాను. పొగాకు ధర పడిపోయిన యేట డి.సి.పల్లి వేలముకేంద్రము నుండి రిక్తహస్తములతో వెనుదిరుగు రైతునకు మరియొక పంట మీద ఆశ నిలువవలెనన్న నీరే దిక్కు. కాని కాలువ వచ్చిననాడు నేడు బీడుగనున్న నేల రేపు తోటయగును, తోటకు కంచె పడును, కంచె పడినచోట మందకు దారి మూయబడును. కాలువకు కొలతలు వేయునప్పుడే పసుల బాటలకును, మేతబీళ్లకును కొలతలు వేసి పటములో గీయుట ఖర్చులేని పని. కంచెలు పడిన పిమ్మట తగవులు తీర్చుట పోలీసు ఠాణాకును తీరని పని.

అంతకన్న సులభమైనదియు, ఈ యేడే చేయదగినదియు నొకటున్నది. చేపల పాటదారుడు వేసవిలో వలలకు అనువుగా నుండుటకై చెరువు నీటిని తూము గుండ విడిచిపుచ్చుట ఈ రాష్ట్రపు పల్లెలలో వింత కాదు. పాట పత్రమునందే ఒక షరతు వ్రాయవలెను: తూము మట్టమునకు ఇంత యెత్తు వరకు నీరు ఫాల్గుణము మొదలు తొలివాన వరకు కదలింపరాదనియు, ఆ యెత్తును కట్ట మీది రాతిపై రంగుతో గీచి యుంచవలెననియు. ఆ గీతకు కావలిగా యానాది కుటుంబముల నుండి ఒకరిని నియమించి నెలజీతము పాట సొమ్ములోనుండియే యిచ్చినచో సర్కారు ఖజానాకు అదనపు భారము లేదు. సలహామండలి రాబోవు సమావేశమునకు అనంతసాగరము నుండి పోవు ప్రతినిధులు ఈ షరతును వ్రాతమూలకముగ ముందుంచవలెననియు, వారి వెంట ఒక కాపరిని, ఒక యానాదిని కూడ తీసికొనిపోయి వారి నోటనే ఆ మాట చెప్పింపవలెననియు నా ప్రార్థన.