సమబలము పేరిట వేతనపరిమితి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రధానమైన వృత్తి బాస్కెట్‌బాలు సంఘము నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషను. అందలి ముప్పది జట్ల యజమానులు 2011 జులై 1వ తేదీన ఆటగాండ్రను వెలుపల నిలిపి తలుపులు మూసిరి. ఆ లాకౌటు 161 దినములు సాగి డిసెంబరు 8వ తేదీన ముగిసెను. జట్టునకు 82 ఆటలు జరుగవలసిన ఋతువు 66 ఆటలతో సరిపెట్టబడెను. నాడు యజమానులు చెప్పిన కారణములు రెండు. ముప్పదింటిలో ఇరువదిరెండు జట్లు నష్టములో నున్నవనియు, ఏటి నష్టము 30 కోట్ల డాలర్లనియు మొదటిది. లాస్ ఏంజిలిస్ వంటి మహానగరముల జట్ల ముందు చిన్నపట్టణముల జట్లు నిలువజాలకున్నవనియు, జీతములకు గట్టి పరిమితి విధించిననే గాని పోటీలో సమబలము కలుగదనియు రెండవది. మొదటిది లెక్కల సంగతి. రెండవది ధర్మము పేర చెప్పబడినది. ధర్మము పేర చెప్పబడిన దానిని మరింత జాగ్రత్తగా పరీక్షింపవలయును.

వేతనపరిమితి యనునది మన పాఠకులకు క్రొత్త గాదు. ఇండియన్ ప్రీమియర్ లీగువారు 2025 ఋతువునకై హైదరాబాదు జట్టునకును తక్కిన జట్లకును సమానముగ 120 కోట్ల రూపాయల హద్దు నేర్పరచిరి. అది కఠినమైన హద్దు. దానిని దాటుటకు వీలులేదు. అమెరికా బాస్కెట్‌బాలులో 1984-85 ఋతువున ప్రవేశించిన హద్దు మెత్తనిది. మొదట జట్టునకు 36 లక్షల డాలర్లుగ నున్నది 2011-12 నాటికి 5 కోట్ల 80 లక్షలైనది. అయినను తన కడనున్న ఆటగానిని నిలుపుకొనదలచిన జట్టు ఆ గీతను దాటవచ్చును. బోస్టను జట్టులోని లారీ బర్డు పేరుతో ఈ మినహాయింపు ప్రసిద్ధమైనది. దానికి పైన మరియొక గీత గలదు; దానిని దాటిన యజమాని దాటిన ప్రతి డాలరునకును నాడు ఒక డాలరు పన్ను చెల్లింపవలయును. ధనవంతుడు పన్ను చెల్లించి దాటుచుండెను. అంతబలము లేనివాడు చూచుచుండెను. యజమానుల ఫిర్యాదులో ఈపాటి సత్యము గలదని మేమును ఒప్పుకొందుము.

అయితే లాకౌటు ముగిసినపుడు వారికి దక్కిన దేమి? కఠినపరిమితికి ఆటగాండ్ర సంఘము తుదివరకు అంగీకరింప లేదు. పన్ను రేట్లు హెచ్చినవి. గీత మాత్రము మెత్తనిదిగానే మిగిలెను. కాని అంతవరకు ఆటవలన వచ్చు ఆదాయములో నూటికి 57 వంతులుగ నున్న ఆటగాండ్ర భాగము తొలియేట 51కిని, ఆ పిమ్మట 49కిని 51కిని నడుమకును దిగిపోయెను. ఆదాయము నాడు సుమారు 400 కోట్ల డాలర్లు. నూటికి ఏడువంతుల చొప్పున లెక్కించిన 28 కోట్లగును. యజమానులు చెప్పుకొనిన నష్టమునకు ఇది యించుమించు సరిపోయినది. సమబలమును గూర్చి అయిదుమాసములు జరిగిన వాదము భాగపంపిణీతో ముగిసెనన్నమాట.

పొలము గల మా పాఠకులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఒక భూస్వామికి కాలువ క్రింద మాగాణియున్నది. వేరొకనికి మెట్ట మాత్రమే యున్నది. మెట్టవాని కొరత తీర్చుటకై రెండూళ్లలోను పాలుకు సేద్యము చేయువాని పాలు తగ్గింతుమని భూస్వాము లిరువురును కలిసి తీర్మానించిన నెట్లుండును? అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లుండును. లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టు తన ఆటల స్థానిక ప్రసారములకై ఇరువదియేండ్ల ఒప్పందమును కుదుర్చుకొనినది ఆ 2011లోనే. ఇట్టి స్థానిక ప్రసారముల రాబడియే ధనికజట్లకును పేదజట్లకును గల భేదమునకు ముఖ్యమూలము. ఆ సొమ్ము యజమానిది. దానిని మరియొక యజమానితో పంచుకొనుట యజమానుల ఇంటిపని. లాకౌటు పిమ్మట వారు ఆ పంపిణీని కొంత పెంచిన మాట నిజమే. ముందుగ నది చేసి, కొరతపడినచో అప్పుడు ఆటగాండ్ర నడిగియుండిన మేము ఆక్షేపింపకయుందుము.

ఆటగాండ్రకు నాడు సగటున ఏటికి సుమారు 50 లక్షల డాలర్ల జీతముండెను. కోటీశ్వరుల జగడము మనకేల యని కొందరనవచ్చును. ఆ తలుపులు మూసిన దినములలో ఆటశాలల నూడ్చువారును, టిక్కెట్లు చూచువారును, చుట్టుప్రక్కల తినుబండారము లమ్ముకొనువారును పని కోల్పోయిరి. వారి నెవ్వరును సంప్రదింపలేదు. ఇక ఆటగాని సంగతి: వాని దేహబలము కొలదియేండ్లలో ముగియును. యజమాని ఆస్తి అట్లు తరుగదు. లాస్ ఏంజిలిస్ క్లిప్పర్సు అను జట్టు 1981లో ఒక కోటి 25 లక్షల డాలర్లకు కొనబడి 2014లో 200 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయెను. అది నష్టపడిన ఇరువదిరెంటిలో నొకటియని మేము చెప్పుట లేదు. ఆ ముప్పదిమూడేండ్లలో పెక్కేండ్లు ఓటములే మూటగట్టుకొనిన జట్టునకు అంతవెల పలికెనని మాత్రము చెప్పుచున్నాము. ఇట్టి వృద్ధి ఏటేటి జమాఖర్చులలో కానరాదు.

పరిమితివలన సమబలము కలుగునా యనుటకు చరిత్రయే సాక్ష్యము. 1970 మొదలు 1979 వరకు పరిమితి యన్నది లేదు; ఆ పదియేండ్లలో ఎనిమిది వేర్వేరు జట్లు విజయపట్టము నందినవి. పరిమితి వచ్చిన పిదప 1985 మొదలు 1998 వరకు పదునాలుగేండ్లలో అయిదు జట్లకే అది దక్కెను; అందు చికాగో ఒక్కదానికే ఆరుమారులు. దీనికి కారణము ఆట స్వభావములోనే యున్నది. క్రికెట్టులో పదునొకండుగురు, ఇందు ఒకసారి బరిలో నుండువారు అయిదుగురే. ఒక్క మహావీరుడు దొరికిన జట్టు రాత మారిపోవును. 1998-99 లాకౌటు పిమ్మట ఒక్కొక్క ఆటగాని జీతమునకును పైహద్దు పెట్టిరి. దానివలన మహావీరుడు ఏ జట్టునకు పోయినను ఇంచుమించు అదే జీతము. ఇక వాడు దేనిని చూచి పోవును? నగరమును చూచి, తోడి యాటగాండ్రను చూచి, గెలుపును చూచి పోవును. చిన్నపట్టణపు యజమానికి అధికజీతమను ఆయుధ మొక్కటి యుండెడిది. సమబలము పేరిట దానిని మొద్దుబారజేసినది ఈ హద్దే.

లాకౌటు ముగిసిన దినముననే ఒక వింత జరిగెను. న్యూ ఆర్లియన్సు జట్టు అప్పుడు సంఘమువారి స్వాధీనములోనే యుండెను. ఆ జట్టు క్రిస్ పాల్ అను మేటి యాటగానిని లేకర్సునకు ముట్టజెప్పు మార్పిడిని కమిషనరు డేవిడ్ స్టర్న్ త్రోసివేసెను. కొలదిదినములకే క్రిస్ పాల్ ఆ లాస్ ఏంజిలిసు నగరమునకే, రెండవ జట్టునకు పోయెను. చిన్నపట్టణమునకు దక్కినదేమియో మాకు తెలియకున్నది. మరుసటియేట ఓక్లహోమా సిటీ జట్టు అంతిమపోటీకి వచ్చి మయామీ చేత నోడెను. ఆ శరత్కాలముననే జేమ్స్ హార్డెన్ కోరిన జీతమునకును దానివెంట రానున్న పన్నునకును వెరచి వానిని హ్యూస్టనునకు పంపివేసెను. తాను కనిపెట్టి పెంచిన ఆటగానిని చిన్నపట్టణము నిలుపుకొనలేకపోవుటకు చిన్నపట్టణములకై పుట్టినదని చెప్పబడిన పన్నే ఒక కారణమాయెను. 2016లో క్రొత్త ప్రసారపు ఒప్పందమువలన పరిమితి 7 కోట్లనుండి 9 కోట్ల 40 లక్షల డాలర్లకు ఒక్కమారుగ లేచెను. కొంచెము కొంచెముగ పెంచుదమని సంఘమువారు కోరగా ఆటగాండ్రు ఒప్పుకొనకపోయిరి. ఈ తప్పులో వారికిని పాలుగలదు. ఆ యేట 73 ఆటలు గెలిచియున్న గోల్డెన్ స్టేట్ జట్టునకు ఓక్లహోమా సిటీనుండి కెవిన్ డ్యూరంట్ పోయి చేరెను. ఆ జట్టు 2017లోను 2018లోను పట్టమును గైకొనెను.

పరిమితిపక్షమువారు 2019 నుండి 2025 వరకు చూపుదురు. టొరాంటో, లాస్ ఏంజిలిస్, మిల్వాకీ, గోల్డెన్ స్టేట్, డెన్వర్, బోస్టను, ఓక్లహోమా సిటీ: ఏడేండ్లకు ఏడు జట్లు. సంతోషింపదగినదే. కాని మిల్వాకీకి పట్టము తెచ్చిన యాన్నిస్ 2013 ఎంపికలో పదునైదవవాడు. డెన్వరు యోకిచ్ 2014లో నలువదియొకటవవాడు. ఓక్లహోమా సిటీవారు తమ నాయకుడు షే గిల్జస్ అలెగ్జాండరును 2019లో క్లిప్పర్సునుండి మార్పిడిలోనే తెచ్చుకొనిరి. ఇవి ఎంపికలో చూపిన నేర్పు ఫలములు. ఆటగాండ్ర భాగమును 57 నుండి తగ్గించుటకును వీనికిని సంబంధ మేమో చూపగలవారు చూపవలయును.

2023 ఒడంబడికలో రెండవగీత యను క్రొత్త కట్టడి వచ్చెను. దానిని దాటిన జట్టు ఇద్దరి ముగ్గురి జీతములను కలిపి ఒక పెద్ద ఆటగానిని మార్పిడిలో తెచ్చుకొనరాదు. ఏడేండ్ల తరువాతి మొదటివరుస ఎంపికహక్కును అన్యుల కియ్యరాదు. సొమ్ముతో కొనరాని అడ్డిది. ధనికయజమాని చేతిని పట్టినది గనుక పట్టవలసినచోటనే పట్టినదని మా యభిప్రాయము. అయినను 2024 విజేత యైన బోస్టను ఈ భారమును తగ్గించుకొనుటకే 2025 వేసవిలో జ్రూ హాలిడేను, పోర్జింగిసును వదలుకొనెను. కష్టపడి కూర్చుకొనిన జట్టును విడదీయుట సమబలమో కాదో ప్రేక్షకులు నిర్ణయింతురు.

ఈ ఒడంబడిక 2029-30 ఋతువు వరకు నడచును. ఒక యేడు ముందుగ విరమించుకొనుటకు ఉభయులకును హక్కుగలదు. 2025-26 నుండి పదునొకండేండ్లకు 7,600 కోట్ల డాలర్ల ప్రసారపు ఒప్పందము చేతికి వచ్చినది. మరల కూర్చుండునాడు ఆటగాండ్ర సంఘము మొదట అడుగవలసినవి రెండు: జట్ల అమ్మకపు విలువలతో కూడ లెక్కల పుస్తకములను బల్లపై పెట్టుడనియు, యజమానులలో యజమానుల పంపిణీ ముగిసిన పిమ్మటనే తమ భాగపు ప్రస్తావన తెండనియు.