పాత్రధారుల పరీక్ష

పాఠశాలా నాటకములకు పాత్రధారుల నేర్పఱచునపుడు హార్మోనియము శ్రుతిలో పద్యము పాడగలవానికే నాయకపాత్ర దక్కుచుండెడిది. ఇది నాకు సమ్మతము గాదు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన కన్యాశుల్కము ప్రధానముగా వచన సంభాషణములతోనే నడచినది గదా! ప్రతి బాలునిచేతను రెండు వాక్యముల వచనము పలికింపవలెను. పిమ్మట నెదుటివాడు మాటలాడుచుండగా వీడెట్లు నిలుచునో చూడవలెను. తనకు మాట లేనపుడు చేతుల నేమి చేయవలయునో తెలియనివాడు, కంఠ మెంత మధురమైనను, రంగమును రక్తి కట్టింపజాలడు. ఒకసారి రాజవేషములో నేనట్టివాడనే యైతిని. నా పద్యములకు చప్పట్లు మ్రోగినవి గాని, నా దుఃఖము విని తల వంచిన ద్వారపాలకుని జూచియే సభవారు కంట తడిపెట్టిరి. వాని నెవరును పరీక్షింపలేదు; బల్లెము పట్టుటకు పొడవు చాలునని తీసికొనిరి.