సాయానికి సరిపంక్తి

స్ఫూర్తి కోసం మహాపురుషుల జీవితచరిత్రలు తిరగేయడం చదువరులందరికీ ఉన్న అలవాటే అయినా, కృష్ణా డెల్టా గడచిన నూరేళ్ల చరిత్రను కాస్త శ్రద్ధగా పరిశీలిస్తే, సామాన్యుణ్ణి మంచిపనికి పురికొల్పినది ఎక్కడో ఉన్న మహనీయుడి గొప్పతనం కంటే పక్కింటివాడి ప్రవర్తనే అని ఒప్పుకోవలసి వస్తుంది. మంచితనం కంటికి ఆనేంత దగ్గరలో జరగాలి. అంతేకాక, ఇవాళ పుచ్చుకున్నవాడు రేపు మరొకరికి ఇవ్వగలిగే తీరులో జరగాలి. అప్పుడే అది ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. దానధర్మాల గురించి ఉపన్యసించేవారు మొదటి షరతును ఎలాగో గుర్తుపెట్టుకున్నా, రెండోదాన్ని తరచుగా మరచిపోతారు.

డెల్టా పల్లెల్లో ఈ రెండో షరతుకు పాత ఏర్పాట్లు ఉన్నాయి. వడ్డీ, పత్రం, సాక్షి ఏవీ లేకుండా నాలుగు రోజుల అవసరానికి చేతికిచ్చే సొమ్మును చేబదులు అంటారు. చిన్న రైతులు కూలి లెక్క లేకుండా ఒకరి పొలంలో ఒకరు వంతులవారీగా చేసుకునే పనిని బదులు పని అంటారు. పుచ్చుకున్నవాడు చిన్నబోకుండా, ఇచ్చినవాడు పెద్దరికం చెలాయించకుండా చూసే మర్యాద ఈ రెండింటిలోనూ ఉంది. 1852-55 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్విన తరువాత ఈ పరస్పరత నీటికి కూడా వర్తించక తప్పలేదు. ఎగువ రైతు తన వంతు కాగానే తూము మూయకపోతే శివారు భూమికి, అంటే కాలువ చిట్టచివర ఉన్న పొలానికి, నీరందదు. అలాగని దీన్ని రామరాజ్యంగా చిత్రించనక్కరలేదు. నీటి వంతుల దగ్గర తగాదాలూ తక్కువేం కాదు. అంతకన్నా ముఖ్యంగా, చేబదులు తిరిగే వలయం చాలా ఊళ్లలో కులం గోడ దగ్గరే ఆగిపోయింది.

ఆ గోడను నేరుగా ఢీకొన్నవారిలో గోపరాజు రామచంద్రరావు (1902-1975) ఒకరు. గోరాగా ప్రసిద్ధుడైన ఆయన, భార్య సరస్వతితో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పి, 1947లో దాన్ని విజయవాడకు తరలించారు. ఆయన నాస్తికవాదంతో ఏకీభవించనివారు కూడా ఆయన చేపట్టిన సహపంక్తి భోజనాల విలువను కాదనలేరు. సహపంక్తి అంటే కులభేదం లేకుండా అందరూ ఒకే వరుసలో కూర్చుని, ఒకే పొయ్యి మీద వండినది ఒకే వడ్డనలో తినడం. ఇందులోని కొత్తదనం అన్నం పెట్టడంలో లేదు. ఆనాటి డెల్టాలో అన్నం పెట్టే ఇళ్లకు కొదవ లేదు. పెరటి గుమ్మం అవతల ఆకు వేసి, పైనుంచి వడ్డించి, ఆ పుణ్యాన్ని ఖాతాలో రాసుకున్నవారు ఎందరో ఉన్నారు. అటువంటి వడ్డన ఆకలిని తీర్చింది గాని దూరాన్ని అంగుళమైనా తగ్గించలేదు, ఎందుకంటే తిన్నవాడు ఎన్నటికీ పెట్టేవాడి స్థానంలోకి రాలేడన్న నమ్మకం మీదే అది నడిచింది. పక్కన కూర్చుని తినడానికి పుణ్యం చాలదు, తెగింపు కావాలి. వెలి, నింద, బంధువుల అలక అన్నీ దాని వెంటే వస్తాయి. అయినా కూర్చున్న ఒక్కడిని చూసి రెండోవాడు, రెండోవాడిని చూసి మూడోవాడు ముందుకు రావడమే ఈ పద్ధతిలోని బలం. గోరా కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948 మార్చిలో గాంధీజీ ఆశ్రమమైన సేవాగ్రామ్‌లో జరిగిన వివాహం ఆ పంక్తికి సహజమైన కొనసాగింపు. ఆ కుటుంబం నుంచే 1969లో వాసవ్య మహిళా మండలి పుట్టింది.

పుస్తకం విషయంలోనూ డెల్టా ఇదే సూత్రాన్ని పాటించింది. 1914లో విజయవాడలో జరిగిన సభలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెంలో పడవ గ్రంథాలయాన్ని ప్రారంభించి, కాలువ గట్టున ఉన్న ఊళ్లకు పుస్తకాలు చేర్చారు. గ్రంథాలయం దానశాల కాదు. తీసుకున్న పుస్తకాన్ని చెక్కుచెదరకుండా తిరిగివ్వడం ద్వారా ప్రతి పాఠకుడూ తన తరువాతి పాఠకుడికి, వాడెవడో తెలియకుండానే, దాత అవుతాడు.

విపత్తుల దగ్గరికి వచ్చేసరికి ఈ పరస్పరతకు అసలు పరీక్ష ఎదురవుతుంది. 1977 నవంబరు 19న డెల్టా తీరంలోని దివిసీమను ముంచిన ఉప్పెనలో, అంటే తుపాను గాలి సముద్రాన్ని గోడలా నేల మీదికి నెట్టినప్పుడు వచ్చే వెల్లువలో, అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారు. సినీనటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు; రాజకీయ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఆ ప్రాంత పునర్నిర్మాణానికి అంకితమయ్యారు; దేశం నలుమూలల నుంచి స్వచ్ఛంద సేవకులు తరలివచ్చి, కుళ్లిన శవాలకు అంత్యక్రియలు జరపడం వంటి పనులు కూడా నెత్తిన వేసుకున్నారు. ఈ కథ తెలుగువారికి కంఠస్థమే. తగినంతగా చెప్పుకోనిది దాని తరువాతి భాగం. ఆ ఉప్పెన తరువాత తీరం పొడవునా తుపాను రక్షిత భవనాలు లేచాయి, సరుగుడు తోటలు పెరిగాయి, హెచ్చరిక రాగానే జనాన్ని తరలించే పద్ధతి స్థిరపడింది. 1990 మే నెలలో అదే డెల్టాను మరో పెను తుపాను తాకినప్పుడు మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ఆ తేడాలో హెచ్చరిక వ్యవస్థకు, ప్రభుత్వ యంత్రాంగానికి పెద్ద వాటా ఉన్న మాట నిజమే అయినా, ముసలివారిని మోసుకుని, పశువులను వదిలి, నడిరాత్రి ఊరు ఖాళీ చేసే క్రమశిక్షణ ఉత్తర్వుల వల్ల మాత్రమే వచ్చేది కాదు. 1977లో కన్నీరు కార్చిన మంచితనం 1990 నాటికి ముందుచూపుగా మారింది. ఈ రచయిత దృష్టిలో ఆ రెండోదే గొప్పది, ఫోటోకు మాత్రం అందదు.

ఇటీవలి ఉదాహరణ బుడమేరు. మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఈ వాగు, 2024 ఆగస్టు చివరి కుండపోతకు గట్లు తెంచుకుని, సెప్టెంబరు 1న విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం తదితర కాలనీలను ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు). నది అంత ఎత్తున ఉన్నప్పుడు, బుడమేరు వరదను కృష్ణలోకి మళ్లించే కాలువ నీరు అందులోకి దిగడం కష్టం. గండ్లు పూడ్చడానికి సైన్యం సాయం కూడా కావలసి వచ్చింది, కొన్ని కాలనీల్లో నీరు రోజుల తరబడి తీయలేదు. డ్రోన్లు, హెలికాప్టర్లు పొట్లాలు జారవిడిచాయి. సింగ్ నగర్ ఫ్లైఓవర్ పడవల రేవుగా మారింది, తీరప్రాంత మత్స్యకారులు తమ పడవలతో నగరం నడిబొడ్డుకు వచ్చారు.

అయితే టీవీల్లో కనబడిన ఈ దృశ్యాల కంటే ముందు, పడవ ఇంకా రాని మొదటి గంటల్లో, ప్రాణాలు నిలిపింది మేడమెట్లు. కింది వాటాలు మునిగినప్పుడు పై వాటాల వాళ్లు తలుపులు తీసి, ముక్కూమొహం తెలియని కుటుంబాలను లోపలికి పిలిచి, ఉన్న బియ్యాన్ని, గ్యాస్ బండలో మిగిలిన మంటను పంచుకున్నారు. వీధిలోకి పాలు, నీళ్లు వచ్చినప్పుడు పిట్టగోడ మీంచి తాడు కట్టిన బకెట్ దిగేది; అందులో పడ్డ పులిహోర పొట్లాలను పైన లెక్కపెట్టి, పసిపిల్లలున్న గదికి ముందు పంపేవారు. కూరగాయల బండివాడు, గుమాస్తా, మెకానిక్కు ఒకే వరండాలో పడుకోవడానికి ఆ నాలుగు రోజులూ ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. కొందరు పడవల వాళ్లు మనిషికింతని వేలల్లో గుంజారన్న ఫిర్యాదులూ పత్రికలకెక్కాయి గనుక, నగరమంతా ఒక్కసారిగా పుణ్యభూమి అయిందని రాయడం అబద్ధమే అవుతుంది. కానీ పొరుగువాడి తలుపు తట్టితే తెరుచుకుంటుందన్న నమ్మకం ఆ కాలనీల్లో ముందే కొంత ఉండబట్టే, ఆ మొదటి గంటలు గడిచాయి.

ఇక నేటి దాతృత్వం తీరు చూస్తే విచారం కలగక మానదు. పది పొట్లాలకు ఇరవై ఫోటోలు, చలివేంద్రం కుండ కంటే పెద్ద ఫ్లెక్సీ, పుచ్చుకునేవాడి ముఖం కెమెరావైపు తిప్పి నిలబెట్టడం మామూలైపోయాయి. మంచిపని పదిమందికీ తెలిస్తేనే పదిమందీ చేస్తారన్న వాదనలో నిజం లేకపోలేదు. జోలె పట్టిన నటులూ ప్రచారాన్ని వాడుకున్నవారే. తేడా ఎక్కడుందంటే, ఆ జోలెలో పేదవాడు కూడా తన అర్ధరూపాయి వేసి దాత కాగలిగాడు, ఈ ఫోటోలో వాడికి ఉన్నది చేయి చాచే పాత్ర ఒక్కటే. అవమానపడినవాడు ఆ సాయాన్ని మరచిపోవాలనుకుంటాడే గాని మరొకరికి అందించాలనుకోడు. కనుక అటువంటి దానం అక్కడికక్కడే ఆగిపోతుంది.

విజయవాడకు వాగూ నదీ ఎక్కడికీ పోవు, వానాకాలం ఏటా వస్తుంది. సింగ్ నగర్ మొదలు పాయకాపురం దాకా ఉన్న ప్రతి కాలనీ సంఘం జూన్ రాకముందే ఒక కాగితం రాసుకుని ఇంటింటికీ పంచడం ఇప్పుడు చేయదగిన పని. మంచాన పడ్డవారు, గర్భిణులు, డయాలిసిస్ రోగులు ఏ ఇంట్లో ఉన్నారు, ఏ మేడ మీద ఎంతమంది పడతారు, మెట్ల తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈత వచ్చినవారెవరు అన్న వివరాలు అందులో ఉంటే చాలు. కింది వాటాల వాళ్ల చేతనే ఆ జాబితా రాయించాలి, ఎవరేం చేయగలరో వారి పేర్ల పక్కన కూడా నమోదు చేయించాలి. దీనికి విరాళం అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. ఇది చదువుతున్నవారు ఆ కాలనీల్లో ఉంటే వచ్చే ఆదివారమే మొదలుపెట్టాలి.