చిన్న మేను, పెద్ద డోలు

పాటకచేరికి బోయినప్పుడు మనమందరము గాయకుని మొగమే చూతుము. ఫిడేలు వాయించువానిని నడుమనడుమ చూతుము. మృదంగము ముందు గూర్చున్నవాని వంకకు మన చూపు తని యావర్తనము వచ్చినగాని పోదు. శ్రుతి తల్లియనియు లయ తండ్రియనియు పెద్దలు చెప్పుదురు గదా! ఇంటిలో తండ్రి యున్నంతకాలము ఆయన చేయు పని యేదో యెవరికిని పట్టదు, లేనినాడు తెలియును. లయయు నట్టిదే. ఈ నెల మేము సోదరీమణులకు పరిచయము చేయదలచినవాడు అట్టి లయకారుడొకడు. మన దేశమువాడు గాడు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నల్లజాతివారి యింట బుట్టినవాడు. పేరు విలియం హెన్రీ వెబ్బు. మిక్కిలి పొట్టివాడగుటచే తోడివారు ‘చిక్’ అని, అనగా కోడిపిల్ల యని పిలిచిరి. ఆ పిలుపే లోకమున నిలిచినది. నేటికిని సంగీతచరిత్రలలో అతడు చిక్ వెబ్బే.

అతడు వాయించిన సంగీతమునకు జాజ్ అని పేరు. బానిసలుగా గొనిపోబడిన ఆఫ్రికావారి సంతతివారు అమెరికా దక్షిణమున న్యూ ఆర్లియన్సు మొదలగు పట్టణములలో ఇరువదవ శతాబ్ది యారంభమున రూపొందించిన సంగీత మిది. ఒక వరుసను పట్టుకొని, దానిని విడువకయే, అప్పటికప్పుడు తోచిన కల్పనలు చేయుట దీని ప్రాణము. మనోధర్మమెరిగిన మనవారికి ఇది క్రొత్త గాదు. క్రొత్త యేమన, అందలి లయవాద్యము. మన మృదంగమునకు కుడి యెడమ లను రెండు ముఖములే గలవు. వారి డోలువాడు ఒక్కడే గూర్చుండి రెండు చేతులతోను రెండు కాళ్లతోను అయిదారు వాద్యములను పలికించును. కాలితో మీట నొక్కి కొట్టు పెద్ద డోలొకటి, అడుగున తీగెలు బిగించిన చిన్న డోలొకటి, ప్రక్కల మరికొన్ని, వానిపైన వ్రేలాడు కంచు తాళములు. ఇవన్నియు కలసి యొకే వాద్యము. దానికి డ్రమ్ము సెట్టని పేరు.

చిక్ వెబ్బు 1905వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన మేరీలాండు రాష్ట్రములోని బాల్టిమోరు నగరమున జన్మించెను. పసితనమునందే వెన్నెముకకు క్షయ సోకినది. ప్రాణము దక్కినదిగాని వెన్ను వంగిపోయి గూనిగా నిలిచినది. ఎదుగుదల ఆగినది. పెద్దవాడైన పిమ్మటగూడ అతని యెత్తు నాలుగడుగులకు కొంచెము మాత్రమే మించినది. బిగిసిన అవయవములు సాగుటకు డోలు వాయించుట మంచిదని వైద్యుడు చెప్పెనని యందురు. మందుగా మొదలైనది విద్య యైనది. డోళ్లు కొనుటకు డబ్బు లేదు. వీధులలో వార్తాపత్రికలమ్మి కూడబెట్టి కొనుక్కొనెను. పిమ్మట బాల్టిమోరు నుండి బయలుదేరు విహారపు టోడలమీద పాడు మేళములో జేరెను. అందే జాన్ ట్రూహార్టను గిటారువాడు అతనికి స్నేహితుడయ్యెను. పదునేడెనిమిది వత్సరములైన నిండకయే యెన్నుకొన్న యా స్నేహము తుదివరకు నిలిచినది. 1920లు సగము గడచునప్పటికి ఇరువురును న్యూయార్కు చేరిరి. 1926 నాటికి వెబ్బు తానే యొక బృందమునకు నాయకుడయ్యెను.

అంత పొట్టివాడు, గూనివాడు, నాయకుడెట్లయ్యెనని సందేహము కలుగవచ్చును. జనకుని సభకు అష్టావక్రుడు ప్రవేశించినప్పుడు పండితులు నవ్విరట. వారు చూచినది వంకరలను. విన్నది ఇంకను లేదు. వెబ్బు వాయింపు నారంభించిన పిమ్మట నవ్వినవారు లేరు. అతని పెద్ద డోలు వ్యాసము 28 అంగుళములు. అతని యెత్తులో సగమునకు మించినది. దానివెనుక అతడు గూర్చుండిన కానవచ్చుటకే కష్టము. అందుచేత బృందమునడుమ నొక యెత్తైన పీట వేయించుకొని, తన కాలికి తగినట్లు మీటలను ప్రత్యేకముగా చేయించుకొని, అందరికంటె పైన గూర్చుండెడివాడు. సంగీతలిపి చదువ నేరడు. ఇతరులు కాగితములు చూచి వాయించుచుండగా అతడు ప్రతి వాద్యము పలుకవలసిన దంతయు వినికిడిచేతనే కంఠస్థము చేసికొని, తప్పిన చోట తాను పాడి చూపెడివాడు. వ్రాత రాని పెద్దమ్మలు పురాణమంతయు నోటనుంచుకొని, చదువుకొన్నవాడు పదము మ్రింగినచో వెంటనే పట్టుకొనుట మనమెరుగనిది గాదు.

అతని కీర్తికి ఇల్లు సవాయ్ బాల్‌రూము. న్యూయార్కులో నల్లజాతివారు నివసించు హార్లెము పేటలో, లెనాక్సు రాజవీథియందు, 1926 మార్చి 12న తెరచిన గొప్ప నాట్యశాల యిది. ఆ దినములలో అమెరికాలో తెల్లవారును నల్లవారును ఒక్క కప్పు క్రింద కలసి ఆడు తావులు అరుదు. సవాయ్‌లో ఆ భేదము లేదు. లిండీ హాపు అను జోడి నృత్యము పెరిగినది ఆ నేలమీదనే. ఆ శాలలో ప్రక్కప్రక్కన రెండు వేదికలుండెడివి. ఒక మేళము ఆపగనే రెండవది అందుకొనును. అందుచే రెండు మేళములకు పోటీలు పెట్టుట సహజమైనది. బొబ్బిలి కేశవయ్య తంజావూరికి బోయి శ్యామశాస్త్రులవారితో తాళములలో పోటీపడిన కథ మన పెద్దలు చెప్పుదురు. సవాయ్‌లో తీర్పరులు పండితులు గారు, ఆడువారి పాదములు. ఎవరి వాయింపునకు జనము ఆగక ఆడిరో వారే గెలిచినట్లు.

వెబ్బు మేళము అచట 1927లో మొదటిసారి వాయించి, 1930లలో దాదాపు ఆ శాలకు ఆస్థానమేళమైనది. ‘స్టాంపిన్ అట్ ది సవాయ్’ అను ప్రసిద్ధమైన వరుస ఆ మేళములోని ఎడ్గార్ సాంప్సను కూర్చినదే. 1934లో వెబ్బు దానిని రికార్డు చేసెను. తరువాత దానివలన మిక్కిలి పేరందినవాడు మాత్రము బెన్నీ గుడ్మను అను తెల్ల నాయకుడు. పత్రికలు ఆతనికి స్వింగు రాజని బిరుద మిచ్చినవి. 1937 మే 11న ఆ రాజు తన మేళముతో సవాయ్‌కు వచ్చెను. అతని డోలువాడు జీన్ క్రూపా, సినిమా నటునివలె అందగాడు, దేశమంతట యువతీయువకులకు ఆరాధ్యుడు. నాలుగువేలమంది లోపల క్రిక్కిరిసిరి. లోనికి పోలేని వేలమంది వీథిలో నిలిచిరి. పోలీసులు వచ్చి కాపు గాయవలసివచ్చినది. ఆ రాత్రి గెలిచినది వెబ్బు. క్రూపా అందరియెదుట లేచి అతనికి తలవంచి నమస్కరించెను. తనను మించినవాడితడేయని తరువాత దాచక చెప్పుకొనెను. ఆ నమస్కారము చేసినవానియందును మాకు గౌరవము కలుగుచున్నది. మరునాటి ఏడు, 1938 జనవరి 16న, కౌంట్ బేసీ మేళముతో జరిగిన పోటీలో ఎవరు గెలిచిరో నేటికిని వాదములు తెగలేదు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము.

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డు పేరు విననివారరుదు. ఆమె 1917లో వర్జీనియాలో బుట్టినది. 1932లో తల్లి చనిపోయినది. ఆదరించువారు లేక, చదువు సాగక, ఆ పిల్ల బాలికల దిద్దుబాటుశాలకు పంపబడినది. అచట నిలువలేక పారిపోయి వచ్చి హార్లెము వీథులపాలైనది. 1934 నవంబరు 21న అపోలో నాటకశాలలో క్రొత్తవారి పోటీ జరిగినప్పుడు, నాట్యమాడుటకని వేదిక యెక్కి, ముందు ఆడినవారి నైపుణ్యమునకు జంకి, పాట పాడి మొదటి బహుమాన మందుకొనినది. అయినను ఆమెకు వెంటనే యెవ్వరును కొలువీయలేదు. చినిగిన బట్టలు, దువ్వని తల, మగపిల్లలు తొడుగునట్టి పెద్ద జోళ్లు. మరుసటి యేడు చిక్ వెబ్బు బృందములోనివారు ఆమెను తెచ్చి తమ నాయకునికి చూపిరి. వెబ్బు ఆమెను పైనుండి క్రిందికి చూచి వలదనెనని ఆ కాలమువారు చెప్పిరి.

ఎవరు వలదనిరి? పుట్టినది మొదలు తన రూపమును జూచి నవ్వినవారి నడుమ బ్రదికినవాడు. ఈ చోట మాకు మనసు చివుక్కుమన్నది. మేళమునకు ముందు నిలిచి పాడు స్త్రీ కండ్లకు పండువుగా నుండవలెనని నాటి వ్యాపారరీతి; అతడును ఆ రీతి నెరిగిన వ్యాపారియే. మగవాడు పీటమీద గూనితో గూర్చుండవచ్చును, విద్య చాలును. ఆడుదానికి విద్యతోబాటు చీరయు సరిగా నుండవలెను! ఈ న్యాయము అమెరికాలోనే యున్నదని మేమనజాలము. పెండ్లిచూపులలో పిల్లచేత పాట పాడించి, పాట ముగియకమునుపే జడ పొడవు నడుగువారు మన యిండ్లకును వచ్చుచునేయున్నారు.

అయితే వెబ్బు తక్కినవారివలె అక్కడ నాగలేదు. తోడివారు పట్టుపట్టగా, యేల్ విశ్వవిద్యాలయమున జరుగు నాట్యోత్సవమునకు ఆమెను పరీక్షకై తీసికొనిపోవుట కంగీకరించెను. అక్కడి యువకులకు ఆమె పాట నచ్చినచో నిలుపుకొందునని మాట. నచ్చినది. వెబ్బు మాట నిలుపుకొనెను. అంతటితో బోక, ఆమెనే మేళమునకు నడిబొడ్డు చేసెను. ఆమె స్వరములు సాగునప్పుడు తన డోళ్లను తగ్గించి, ఆమె ఊపిరి తీయు సందులో మాత్రము చిన్న విరుపు వేసి, మరల దారి విడుచువాడు.

వెబ్బు ఆ యనాథబాలికను చట్టప్రకారము పెంచుకొనెనను కథ చాలకాలము పత్రికలలో తిరిగినది. చెవికింపైనదేగాని నిజము గాదు. మాకు నిజమే కథకంటె మేలుగా దోచుచున్నది. దయతో చేరదీసిన బిడ్డ యగుటకంటె, జీతమిచ్చి పిలుచుకొన్న గాయని యగుట ఆమెకు గౌరవము. ఆమెకు కావలసినది ఒకరి జాలి గాదు. తాళము దప్పని మేళము, నెలనెల చేతికి వచ్చు కూలి. ఆ రెండును అతడిచ్చెను.

1938 మే నెలలో ఆమె, వాన్ అలెగ్జాండరను వానితో కలసి, పసిపిల్లలు ఆడుకొనుచు పాడు పాట నొకదానిని జాజ్ వరుసగా మలచి వెబ్బు మేళముతో రికార్డు చేసినది. పారవేసికొన్న బుట్టకై బెంగపడు చిన్నపిల్ల పాట. పేరు ‘ఎ టిస్కెట్ ఎ టాస్కెట్’. ఆ యేడు అమెరికాలో దానిని మించి మ్రోగిన పాటలు కొన్నియే. పదునెనిమిదేండ్లనాడు కొలువులో జేరిన ఆ పిల్ల ఇరువదియొకటవయేట దేశమంతట ప్రసిద్ధురాలయ్యెను.

అప్పటికే వెబ్బు శరీరము కుంగుచుండెను. వెన్ను బాధకు తోడు ఇతర రోగములు జేరినవి. వాయించి వాయించి, కచేరి ముగిసినంతనే సొమ్మసిల్లి పడిపోయిన దినములు గలవు. అయినను ఊరూర ప్రయాణములు మానలేదు. 1929 నాటి ఆర్థికవిపత్తు దెబ్బ ఇంకను తీరని కాలమది. తాను మంచమెక్కినచో మేళమంతయు చెదరును, వాద్యకారులకు పని పోవును. దీనిని మావారికి చదివి వినిపింపగా మొండితనమనిరి. సంసారమును నెత్తిన మోయువారి మొండితనము మేమెరిగినదే గనుక బదులు చెప్పలేదు. జ్వరముతోనే పొయ్యి వెలిగించు తల్లులను ఎవరును మొండివారనుట మేము వినలేదు, పోనిండు.

1939లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో శస్త్రచికిత్స జరిగినది. జూను 16న చిక్ వెబ్బు కన్నుమూసెను. ముప్పదినాలుగేండ్ల ఆయువు. అంత్యక్రియలకు ఆ నగరమున వేలకొలది జనము గుమిగూడిరి. ఎల్లా అచట పాడినది.

బ్రదికియున్నప్పుడు విన్నవారు చెప్పినంత గొప్పతనము అతని రికార్డులలో వినబడదని కొందరందురు. అది సత్యమే. ఆనాటి రికార్డింగు యంత్రములు పెద్ద డోలు మ్రోతను తాళలేక దానిని వెనుకకు నెట్టినవి. అయినను 1937 నాటి ‘హార్లెం కాంగో’, 1938 నాటి ‘లైజా’ అనునవి నేడు చేతి ఫోనులోనే దొరకును. ఒకసారి మామూలుగా విని, రెండవసారి బాకాలను విడిచి వెనుకనున్న డోళ్లనే వినవలెను. ‘లైజా’లో మేళము మాట మాటకు నడుమ ఆగినప్పుడెల్ల అతడు ఆ సందును నింపు తీరు గమనింపదగినది. మునుపటి డోలువాండ్రు కాలము కొలుచుటతో తృప్తిపడిరి. ఇతడు డోలును మాటాడించెను. జీన్ క్రూపాయు, తరువాత లోకప్రసిద్ధుడైన బడ్డీ రిచ్చును ఇతని దారినే నడచినట్లు ఒప్పుకొనిరి. ఆర్ట్ బ్లేకీ కుర్రతనమున తన వాయింపునకు వెబ్బు పెట్టిన దిద్దులను ముసలితనమునగూడ జెప్పుకొనెను. బాల్టిమోరులో అతని పేర బాలబాలికల వినోదకేంద్రమొకటి 1947లో తెరవబడినది.

అతడు పోయిన పిమ్మట మేళము చెదరలేదు. ఇరువదిరెండేండ్ల ఎల్లా పేరు మేళమునకు పెట్టిరి. బట్టలు బాగులేవని వీథిలో నిలిపిన పిల్ల పేరు పలకమీద ముందు వ్రాసికొని, అంతమంది మగవాద్యకారులు ఆమె వెనుక గూర్చుండి, 1942 వరకు ఊరూర వాయించిరి.