పికప్ బండ్లు - విద్యుచ్ఛక్తి - సామాన్యుని అవసరము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో మోటారు పరిశ్రమకు మూలస్తంభములలో నొకటియైన ఫోర్డు కంపెనీవారు 2025 డిసెంబరు 15వ తేదీన నొక ప్రకటన గావించిరి. 'ఎఫ్-150 లైట్నింగ్' అను పేర తాము నిర్మించుచుండిన విద్యుత్ పికప్ బండిని ఇకమీదట నిర్మింపమనియు, విద్యుద్వాహనముల విషయమై వేసికొనిన ప్రణాళికలను మార్చుకొనుటవలన 1,950 కోట్ల డాలరుల భారము తమ లెక్కలకెక్కుననియు దాని సారాంశము. ఈ వార్త వెలువడినంతనే ఆ దేశమున నుభయపక్షములవారును తమతమ పాత వాదములనే మరల నెత్తుకొనిరి. విద్యుత్ బండి పనివానికి పనికిరాదని తేలిపోయినదని పెట్రోలు పక్షమువారు సంతోషించిరి. ప్రభుత్వము చేయి విడుచుటచేతనే యీ గతి పట్టినదని రెండవ పక్షమువారు వాపోయిరి. ఈ రెండు మాటలలోను కొంత నిజము గలదు. కాని ప్రతిదినము బండి తోలుకొను సామాన్యునికి ఏది తగినది యను ప్రశ్నకు ఈ రెండింటిలో నేదియు సమాధానము గాదు.

పికప్ అనగా ముందు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుక మూతలేని తొట్టియు గల బండి. మన దేశమున నిది బాడుగకు తిరుగు బండి. కూరగాయలు, సిమెంటు బస్తాలు, పెండ్లి సామాను మోయునట్టిది. అమెరికాలో నట్లు గాదు. అచ్చట నది గృహస్థుని వాహనము. కచ్చేరికి పోవు గుమాస్తాయు, పిల్లలను పాఠశాలకు దింపు తల్లియు దానినే తోలుదురు. ఫోర్డువారి ఎఫ్ తరగతి బండ్లు నలుబది యేండ్లకు పైగా ఆ దేశపు పికప్ విక్రయములలో ప్రథమస్థానమును వదలలేదు. 2024లో ఏడు లక్షలకు మించి అమ్ముడుపోయినవి. ఈ వైభవమునకు ప్రజల యభిరుచి యొక్కటే కారణమని తలపరాదు. ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీలు అమెరికా కోళ్లపై సుంకము విధించినందులకు ప్రతీకారముగా అధ్యక్షుడు జాన్సను 1964 జనవరి నుండి విదేశీ సరకుబండ్లపై నూటికి 25 వంతుల సుంకమును విధించెను. కోళ్ల తగవు మాసిపోయినది గాని బండ్ల సుంకము మాత్రము దశాబ్దములపాటు నిలిచినది. స్వదేశ పరిశ్రమకు రక్షణ కల్పింపవలెనని వాదించు మాబోటివారు గూడ దీనినుండి గ్రహింపవలసినది గలదు. పోటీ లేని చోట అమెరికా కంపెనీలు బండిని ఏటేట పెద్దది చేసినవి, ప్రియము చేసినవి. చిన్న పికప్ అను వస్తువునే చాలకాలము మరచినవి.

ఇట్టి స్థితిలో 2021 మే నెలలో లైట్నింగ్ బండి ప్రదర్శితమయ్యెను. ముందునాడు అధ్యక్షుడు బైడెను స్వయముగా దానిని తోలి చూచెను. ప్రారంభపు ధర 39,974 డాలరులని చాటిరి. సుమారు రెండు లక్షలమంది తమకు కావలెనని పేర్లు నమోదు చేసికొనిరి. 2022 ఏప్రిలులో నిర్మాణ మారంభమైనది. ఏటికి లక్షయేబదివేల బండ్లు తీయుదుమని కంపెనీవారు సంకల్పించిరి. కాని ధర మాటమీద నిలువలేదు. అదే తరగతి బండి 2023 మార్చి నాటికి 59,974 డాలరులకెక్కి, కొనువారు వెనుదీయగా జూలైలో 49,995కు దిగినది. 2024 సంవత్సరమంతయు గలిసి అమ్ముడుపోయినవి ముప్పదిమూడున్నర వేల ప్రాంతము మాత్రమే. టెస్లావారి 'సైబర్ ట్రక్' కథయు నిట్టిదే. 2019లో 39,900 డాలరులని ప్రకటించిరి. 2023 నవంబరులో బండి చేతికి వచ్చునప్పటికి అరువదివేలకు తక్కువ ధర లేదు. పదిలక్షలకు పైగా ముందస్తు కోరికలు వచ్చినవని డంబముగా చెప్పుకొనిరి. కాని బయటి రేకు ఊడిపోవుననెడి లోపమునకై 2025 మార్చిలో అంతవఱకు అమ్మిన బండ్లను వెనుకకు పిలిచినప్పుడు, అవి 46 వేల చిల్లర మాత్రమేనని లోకమునకు తెలిసినది.

ధర సంగతి యటుండనిండు. బండి గుణమేమి? అమెరికా వాహనచోదకుడు సగటున దినమునకు నలుబది మైళ్లకు లోపుగనే తోలును. లైట్నింగ్ లోని చిన్న బ్యాటరీ 98 యూనిట్లది, పెద్దది 131 యూనిట్లది. మొదటిదానితో 230 మైళ్లును, రెండవదానితో 300 మైళ్లకు మించియు పోవచ్చునని ప్రభుత్వ పరీక్షలలో తేలినది. రాత్రి ఇంటికడ తీగ తగిలించి పరుండినచో తెల్లవారునప్పటికి బండి సిద్ధము. కంపము లేదు, పొగ లేదు, నూనె మార్చు పని లేదు. మరల విద్యుత్తు పోయినప్పుడు ఈ బండియే ఇంటికి దీపములు వెలిగింపగలదు. నిత్యకృత్యములకింతకంటె కావలసినదేమి యని తోచును. నిజమునకు ఏమియు అక్కరలేదు.

చిక్కంతయు బండి వెనుక మరియొక బండిని తగిలించినప్పుడే వచ్చినది. అమెరికావారు సెలవుదినములలో పడవలను, గుఱ్ఱపు పెట్టెలను, చక్రములపై నడచు విడిది గదులను పికప్ వెనుక గట్టి లాగుకొనిపోవుదురు. లైట్నింగ్ పదివేల పౌనుల వఱకు లాగగలదని కంపెనీ చెప్పినది; బలమునకు కొఱత లేదు. కాని 2022లో పత్రికలవారు విడిది గదులను తగిలించి పరీక్షింపగా, నిండు బ్యాటరీతో బయలుదేరిన బండి నూరు మైళ్ల ప్రాంతమున నిలువవలసివచ్చినది. దీనికి కారణమును సరిగా గ్రహించినవారు తక్కువ. ఒక అమెరికా గ్యాలను పెట్రోలులో సుమారు 33.7 యూనిట్ల శక్తి గలదు. అనగా 131 యూనిట్ల ఆ మహాబ్యాటరీలోని శక్తియంతయు నాలుగు గ్యాలనుల పెట్రోలుకైన సరిరాదు! పెట్రోలు బండి తొట్టిలో ఇరువదిమూడు మొదలు ముప్పదియాఱు గ్యాలనుల వఱకు పట్టును. ఇంత తక్కువ శక్తితో విద్యుత్ బండి మున్నూరు మైళ్లు పోగలుగుట దాని పొదుపువలననే. పెట్రోలు యంత్రము తాను త్రాగినదానిలో మూడింట రెండు వంతులకు మించి వేడిగా వెదజల్లి వృథా చేయును. విద్యుద్యంత్రము చాలవఱకు చక్రములకే చేర్చును. అయితే వెనుక ఎత్తైన గది నిలువుగోడవలె గాలికి అడ్డుపడినప్పుడు ఆ అడ్డు రెండు బండ్లకును సమానమే. పెట్రోలు బండి మైళ్లును సగమునకు దగ్గరగా పడిపోవును గాని దాని నిల్వ పెద్దది, ఐదు నిమిషములలో మరల నిండును. విద్యుత్ బండి యజమాని మాత్రము గంటసేపు దారిలో కాచుకొనవలెను. చార్జింగు స్థలములు చాలచోట్ల ఒంటి బండికై కట్టినవి. అందుచేత వెనుకదానిని విప్పి ఒకచోట నిలిపి, నిండిన పిమ్మట మరల తగిలించుకొనవలసియుండును. పిల్లాపాపలతో బయలుదేరినవానికి ఇది యెంత ప్రయాసయో వేఱుగ చెప్పనక్కరలేదు. శీతలదేశమున మంచుకాలపు నష్టము దీనికి తోడు. ఒక మోటారు సంఘమువారు 2019లో పరీక్షింపగా, గడ్డకట్టు చలిలో వేడియంత్రము నడుపుచు పోయిన విద్యుత్ కార్లు తమ మైళ్లలో నూటికి నలుబది వంతుల వఱకు కోల్పోయినవి.

అయినచో ఇట్లు లాగువారెందఱు? పికప్ యజమానులలో అధికసంఖ్యాకులు ఏడాదికొకసారి, లేదా అదియును లాగరని ఆ దేశపు విపణి పరిశీలకులే చెప్పుచున్నారు. కొనునప్పుడు మాత్రము ప్రతివాడును ఆ ఒక్క దినమునే తలంచును. కూతురు పెండ్లికి వచ్చు చుట్టముల సంఖ్యను బట్టి నిత్యము కాపురముండు ఇల్లు కట్టుకొనినవాని తెలివి యిట్టిదే. కంపెనీలవారు ఈ భ్రమను పోగొట్టుటకు మాఱుగ పెంచి పోషించిరి. లాగుట తగ్గినదన్న మాట వచ్చినంతనే బ్యాటరీని పెద్దది చేసిరి. జనరల్ మోటార్సువారి సిల్వరాడో విద్యుత్ బండిలో 205 యూనిట్ల బ్యాటరీ గలదు. వారి హమ్మర్ తొమ్మిదివేల పౌనులకు మించి తూగును. ఒక్క మనిషిని కచ్చేరికి చేర్చుటకు నాలుగు టన్నుల యినుము కదలవలెనా? బ్యాటరీ పెరిగినకొలది ధర పెరిగినది. ధర పెరిగినకొలది సామాన్యుడు దూరమైనాడు. ఇదియే ఆ బండ్ల వైఫల్యమునకు మూలమని మా అభిప్రాయము.

సామాన్యుడేమి కోరుచున్నాడో అదే ఫోర్డు కంపెనీ మరియొక బండిచే తెలిసికొనినది. 2021లో 'మావరిక్' అను చిన్న పికప్‌ను 19,995 డాలరులకు విడుదల చేసిరి. అందులో పెట్రోలు యంత్రమును విద్యుద్యంత్రమును గలిసి పనిచేయును. దీనినే హైబ్రిడ్ అందురు. బ్యాటరీ కేవలము 1.1 యూనిటు; తీగ తగిలింప బనిలేదు, బండి నెమ్మదించునప్పుడు వృథాగాబోవు వేగమునుండియే అది నిండును. ఊరిలో గ్యాలనుకు 42 మైళ్లు వచ్చును. రెండువేల పౌనులు మాత్రమే లాగును, తొట్టిలో పదునైదువందల పౌనులు మోయును. ఇంత స్వల్పమైన బండికి గిరాకి ఎట్లు వచ్చినదనగా, 2022 జనవరిలోనే ఆ యేటి హైబ్రిడ్ దరఖాస్తులను కంపెనీ మూసివేయవలసివచ్చినది. 2024లో మావరిక్ బండ్లు లక్షా ముప్పదివేలకు పైగా చెల్లినవి. ధర నేడు ఇరువదియెనిమిది వేల ప్రాంతమునకు పెరిగినను దానికి జనము తఱుగలేదు.

హైబ్రిడ్‌లన్నియు నిట్లు పొదుపరులని మాత్రము నమ్మరాదు. పెద్ద ఎఫ్-150 లోని హైబ్రిడ్ పన్నెండువేల పౌనులకు మించి లాగగలదు గాని, పెట్రోలులో మిగిల్చునది గ్యాలనుకు మూడు నాలుగు మైళ్లు మాత్రమే. దాని గొప్ప వేఱొకచోట గలదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాసు రాష్ట్రము మంచు తుపానులో చిక్కి లక్షలాది గృహములు విద్యుత్తు లేక చలికి వణకినప్పుడు, ఈ బండ్లు గలవారు తొట్టిలోని 7.2 కిలోవాట్ల విద్యుత్తుతో ఇండ్లను వెచ్చబెట్టుకొనిరి. తమ యంగళ్లలోని బండ్లను అవసరమైనవారికి ఎరవిమ్మని కంపెనీ విక్రేతలను గోరినది. టెక్సాసులో స్థిరపడిన మన తెలుగువారికి ఆ దినములు జ్ఞాపకముండును.

ఇక ప్రభుత్వము సంగతి. విద్యుత్ బండి కొనువారికి 7,500 డాలరుల వఱకు పన్నులో తగ్గింపు లభించుచుండెను. 2022 ఆగస్టు నాటి శాసనమున ఎనుబదివేల డాలరుల పికప్‌కును దీనిని వర్తింపజేసిరి. ఎనుబదివేలు వెచ్చింపగల ధనికునకు ప్రజాధనమునుండి బహుమానమెందులకు? 2025లో క్రొత్త శాసనము దానిని సెప్టెంబరు 30తో రద్దుచేసెను. ఇచ్చుటలో వివేకము లేదు, తీయుటలో నోరిమి లేదు. కర్మాగారము కట్టుటకు నాలుగైదేండ్లు పట్టునట్టి పరిశ్రమలో ఎన్నికకొక నీతియైనచో నష్టపోవునది పనివాడును, బండి మరల అమ్ముకొనబోవు కొనుగోలుదారుడునే. ముప్పదివేల డాలరులలో చిన్న విద్యుత్ పికప్‌ను 2027లో లూయీవిల్ కర్మాగారమునుండి తెత్తుమని ఫోర్డువారు 2025 ఆగస్టులో ప్రకటించిరి. ఆ ధర ఈ పర్యాయమైనను నిలుచునో లేదో వేచి చూడవలసియున్నది.

కావున అమెరికా గృహస్థునకు మేము చెప్పగలిగినది యిది. సొంత యింటికడ రాత్రి తీగ తగిలించుకొను వసతి గలిగి, లాగు పని అరుదైనవానికి విద్యుత్ పికప్ నిరభ్యంతరముగా తగినది. లాగవలసిన యొక్క దినమునకు బాడుగ బండి దొరకును. అంతస్తుల యిండ్లలో నద్దెకుండి వీథిలో బండి నిలుపుకొనువాడు మావరిక్ వంటి చిన్న హైబ్రిడ్‌తో తృప్తిపడవలెను. గుఱ్ఱములు మోయువాడు, పొలముపనికి దూరములు లాగువాడు పెట్రోలు డీజిలులను ఇంకను కొంతకాలము విడువజాలడు.

మన దేశమున లెక్క వేఱు, కొంతవఱకు సులభము. మన చిన్న సరకుబండి ప్రతిదినము సంపాదించి పెట్టవలసినది. టాటావారు 2025 జూన్‌లో 'ఏస్ ప్రో' అను బండిని పెట్రోలుతో 3 లక్షల 99 వేలకును, విద్యుత్తుతో 6 లక్షల 50 వేలకును విడుదల చేసిరి. విద్యుత్ బండిలో 14.4 యూనిట్ల బ్యాటరీ గలదు. 155 కిలోమీటర్లు పోవునని ధ్రువీకరణము. నిండు బరువుతో మన రోడ్లపై నూరు కిలోమీటర్లే యనుకొందము. యూనిటు ఎనిమిది రూపాయలైనను కిలోమీటరుకు రూపాయి పావలా మించదు. లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలుతో, లీటరుకు పదునెనిమిది కిలోమీటర్లు వచ్చునని తలచినచో, కిలోమీటరుకు ఆఱు రూపాయల దరిదాపున పడును. ధరలోని భేదము రెండున్నర లక్షలు. దినమునకు ఎనుబది కిలోమీటర్లు, ఏటికి మున్నూరు దినములు తోలువానికి ఆ భేదము రెండేండ్ల పైచిల్లర కాలములో తీరును. అప్పుపై వడ్డీ గూడ కలుపుకొనినచో మరికొంత. దినమునకు ముప్పది కిలోమీటర్లే తిరుగువానికి ఆఱేండ్లు పట్టును. 2025 సెప్టెంబరులో సరకుబండ్లపై పన్ను 28 నుండి 18 వంతులకు తగ్గుటతో, 5 వంతులే యున్న విద్యుత్ బండికి గల అనుకూలము కొంత సన్నగిల్లినది గూడ.

పాలకేంద్రములకును, కిరాణా గిడ్డంగులకును దినదినము ఒకే దారిన తిరిగి రాత్రికి ఇల్లు చేరు బండికి విద్యుత్తు తగినది. నూజివీడు తోటలనుండి నున్న మామిడి విపణికి కాయ చేరవేయుటకును తగినదే. మదనపల్లె టమాటాను రాత్రికిరాత్రి చెన్నపట్టణము చేర్చువానికి అది పనికిరాదు. కనుమలు దిగి రెండువందల యేబది కిలోమీటర్లు పోవలెను, దారిలో మూడు గంటలు ఆగినచో ఉదయపు బేరము దాటిపోవును. అమెరికావానికి లాగు దినము ఏడాదికొకటి. మన టమాటా రైతుకు పంటకాలమంతయు అట్టి దినములే.

ముడినూనెలో నూటికి ఎనుబదియైదు వంతులకు పైగా విదేశములనుండి తెచ్చుకొను మనకు విద్యుత్ బండి స్వాతంత్ర్యము నిచ్చునని పలువురు చెప్పుచున్నారు. 2025 ఏప్రిలులో చైనా ప్రభుత్వము అరుదైన లోహముల అయస్కాంతముల యెగుమతిపై ఆంక్షలు విధించినంతనే మన మోటారు కర్మాగారములవారు కలవరపడిన సంగతిని గూడ వారు లెక్కించవలెను. మహబూబునగరు జిల్లా దివిటిపల్లెలో అమరరాజావారు పదేండ్లలో 9,500 కోట్ల రూపాయలతో బ్యాటరీ కర్మాగారము నెలకొల్పుటకు 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వముతో నొడంబడిక చేసికొనిరి. 2023 మేలో శంకుస్థాపన జరిగినది. అచ్చట తయారగు బ్యాటరీలో ఎన్ని వంతులు మన గనులనుండియు మన కర్మాగారములనుండియు వచ్చుననునదియే ఇప్పుడు మన శాసనసభ్యులు అడుగవలసిన ప్రశ్న.