వంటగట్టు ఎవరి కొలత?

మా వంటింటి మరమ్మతు మొదలై నేటికి ఇరవై ఆరు రోజులు. పాత గట్టు పగిలి పెరటిలో రాళ్లకుప్పగా పడి ఉన్నది. కుళాయి గొట్టాలు మార్చినారు, గోడల పూత పూర్తయినది. కొత్త గట్టుకు తెచ్చిన నల్ల గ్రానైటు పలకలు మాత్రం వసారా గోడకు ఆనుకొని నిలిచి ఉన్నవి. వాటిని పరవకుండా ఆపినది నేనే. ఎందుకు ఆపినానో చెప్పుటకే ఈ టపా.

మేస్త్రి గీసి తెచ్చిన కాగితంలో గట్టు ఎత్తు 34 అంగుళాలు. "ఎవరిని కొలిచి ఈ అంకె వేసినావు నాయనా?" అని అడిగితే, "అందరిళ్లలోనూ ఇంతే కదండీ మాస్టారూ" అన్నాడు. మంచివాడే, పనిమంతుడు కూడాను. కాని ఆ 'అందరి'లో మా ఇంటావిడ లేదు. ఆమె ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. 1991లో ఈ ఇల్లు కొన్నప్పుడే ఉన్న పాత గట్టు కూడా అంత ఎత్తుదే. నాటి నుండి ఆమె చెక్కపీట ఎక్కి వంట చేయుచున్నది. మరుగుతున్న పులుసుగిన్నె చేతబట్టి పీట దిగుట ఎంత అపాయమో వేరుగ చెప్పనక్కరలేదు.

లెక్క చూడండి. నిలబడి చేయు పనికి బల్ల మోచేతికన్న నాలుగైదు అంగుళాలు దిగువన ఉండవలెను. ఆమె మోచేయి నేలకు 36 అంగుళాల ఎత్తున ఉన్నది. అనగా కూరలు తరుగు చోటు 32 దాటరాదు. పొయ్యి సంగతి వేరు. గట్టు 34, దానిపై గ్యాసుపొయ్యి ఒక 4, దానిపై జానెడు గిన్నె. మొత్తం కలిసి ఆమె భుజం దాకా వచ్చును. ఇక గరిట తిప్పుటకు చేయి ఎంత ఎత్తవలెనో, రోజుకు ఎన్నిమార్లు ఎత్తవలెనో ఊహించుకొనవచ్చును. భుజం నొప్పికి తైలాలు రాయుచున్నాము గాని, నొప్పి పుట్టుచోటు గట్టు దగ్గరనే ఉన్నది.

మా అమ్మగారి కాలాన ఈ చిక్కు లేదు. మట్టి తొక్కి, పొయ్యి వేసుకొని, అలికి, ముగ్గు పెట్టుకొనునది వండు మనిషే. తన చేయి ఎంత చాగునో, తన కుండ ఎంత ఉన్నదో ఆమెకే తెలియును, ఆ ప్రకారమే పొయ్యిగడ్డలు అమర్చుకొనెడిది. ఆ పొయ్యి తిరిగి రావలెనని నేననను. ఆ పొగకు మా అమ్మగారి కన్నులు ఎంత బాధపడినవో చూచినవాడను. గ్యాసు వచ్చుట మేలే జరిగినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చి పేద ఇండ్ల ఆడవారికి కూడ గ్యాసు అందినది. పొయ్యి సిలిండరుకన్న ఎత్తున ఉండవలెనన్నది భద్రతా నియమం గనుక గట్టు కూడ తప్పదు. నా ఆక్షేపణ ఒక్కటే. మట్టిపొయ్యి వండు మనిషి చేతి కొలతతో పుట్టినది, రాతిగట్టు వండని మనిషి టేపు కొలతతో పుట్టుచున్నది.

అమరిక వంటిండ్లు పడమటి దేశాల నుండి వచ్చినవే కదా, వారు ఆలోచించి ఉండరా అనువారున్నారు. ఆలోచించినారు. 1926లో మార్గరేటే షూట్టె-లిహోట్‌స్కీ అను వియన్నా వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కొత్త ఇండ్ల కొరకు ఒక వంటిల్లు రూపొందించినది. అటువంటివి సుమారు 10,000 కట్టినారు. పనిలో అడుగులు ఎట్లు తగ్గునో గమనించి, కూర్చొని పనిచేయుటకు తిరుగుడుపీట కూడ ఏర్పరచినది. మన అంగడివారు ఆ అలమరల వరుసను తెచ్చినారు, పీటను అక్కడే వదలినారు! పైగా సిలిండరు కంటికి కనబడరాదని తలుపుల అరలో బిగించెదమంటారు. ఆ వాయువు గాలికన్న బరువు. కారినచో నేలబారున పేరుకొనును. మూసిన అర అందం కావచ్చును, క్షేమం మాత్రం కాదు.

వచ్చిన బంధువులందరు ఆగ్నేయమేనా, తూర్పు ముఖంగా నిలబడి వండునా అని అడిగినారు. ముఖం ఎటున్నదని అడిగినవారే గాని చేయి ఎంతవరకు అందునని అడిగినవారు లేరు. మన సారస్వతమూ అంతే. ఏడాదిపాటు విరాటుని కొలువులో గరిట పట్టిన భీముని పేర ఒక పాకమే వెలసినది.

ఒకాయన మాత్రం, "రేపు ఇల్లు అమ్మవలసి వస్తే పొట్టి గట్టు ఎవరు కొంటారు? మీ అబ్బాయి వచ్చి వండినా నడుము వంచవలెను కదా" అన్నారు. మావాడు ఏటికి పదిహేను రోజులుండును. ఆ పదిహేను రోజుల నడుము కొరకు తక్కిన మూడువందల యాభై రోజులు ఆమె భుజం అరగవలెనా? కొనువారు వచ్చిననాడు వారి గట్టు వారు కట్టుకొందురు.

చివరకు మా ఇంటావిడను గోడ దగ్గర నిలబెట్టి, కూర తరుగునట్లు చేయి పెట్టమని అక్కడ సుద్దతో గీత గీసినాను. కొలిస్తే 31½. పొయ్యి భాగం దానికన్న 4 అంగుళాలు దిగువన రావలెను. సిలిండరు ఎత్తైన భాగం కింద, తలుపు లేకుండ ఉండును. మేస్త్రి తల గోకికొని, రెండు ఎత్తులకు కూలి కొంత ఎక్కువగునన్నాడు. సరేనన్నాను. సోమవారం రాయి కోయుదురు. రెండు గట్లు కలియు మెట్టు వద్ద నీరు నిలువకుండ అంచు ఎట్లు తీర్చవలెనో ఇంకను తేలలేదు. ఇటువంటి గట్టు కట్టించినవారు మీలో ఎవరైన ఉన్నచో ఆదివారం లోపల తెలుపగోరెదను.