కట్ట తెగితే నీరటిని మారుస్తారా?

హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. 2025 అక్టోబరులో జరిగిన ఈ తరలింపు మన జిల్లా పల్లెల్లో చాలామంది చెవిన పడనేలేదు. పడినవారిలో పెద్దలు "పోతే పోయింది, మనకేమి?" అన్నారు. ఆ జట్టు ఆటను టీవీల్లో చూస్తూ వచ్చిన కుర్రకారు మాత్రం మండిపడ్డారు. వారి కోపమంతా కోచ్‌ల మీదనే. మంచి కోచ్ ఉన్నన్నాళ్లు గెలిచాం, చేతగాని కోచ్‌లు వచ్చాక ఓడాం అన్నది వారి వాదన.

ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని అంతా నిజం కాదు. చెరువు కట్టకు గండి పడితే ఊరివాళ్లు గండి పూడ్చే పని చూస్తారు. నీరటిని మార్చి ఇంటికి పోయి నిద్రపోరు. మన ఫుట్‌బాల్ పెద్దలు మాత్రం ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఆ పనే. ఓడిన ప్రతిసారీ నీరటిని మారుస్తున్నారు. గండి అలాగే ఉంది.

అద్దె ఇంటి కాపురం

ఈ జట్టు కథ మొదటి నుంచి చూస్తే గాని సంగతి బోధపడదు. 2019లో పూణె జట్టు మూతపడితే, దాని స్థానంలో హైదరాబాద్ పేరుతో ఈ జట్టు పుట్టింది. మొదటి ఏడు 18 మ్యాచ్‌లలో రెండే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. సీజను ముగియకముందే ఇంగ్లండు కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సాగనంపారు. 2020లో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన రాకతో జట్టు ముఖమే మారిపోయింది. ఆ సీజనులో ఐదో స్థానం. మరుసటి సీజనులో, 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. గోలీ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు.

కరోనా కారణంగా ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే జరిగాయి. కాబట్టి హైదరాబాద్ జట్టు కప్పు గెలిచిన ఏడాది హైదరాబాదువాసులు ఒక్క మ్యాచ్ కూడా సొంత ఊళ్లో చూడలేదు. 2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చి లీగు పట్టికలో రెండో స్థానం సంపాదించింది. అభిమానులు అప్పుడప్పుడే అలవాటు పడుతున్నారు. అంతలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరిగినదానికి కొత్త కోచ్‌లను నిందిస్తే అన్యాయం. ఆటగాళ్లకు జీతాలు సక్రమంగా అందలేదు. బకాయిలు తీర్చని కారణంగా కొత్త ఆటగాళ్లను తీసుకోరాదన్న నిషేధం జట్టు మీద పడింది. 2023-24 సీజను నడుమనే పేరున్న ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. విదేశీయులు దాదాపు అందరూ పోయారు. మిగిలిన లేత కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ అట్టడుగు. రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన జట్టుకు పట్టిన గతి ఇది.

2024లో యాజమాన్యం చేతులు మారింది. అయినా రాత మారలేదు. డిసెంబరులో సింగ్టో పోయి, యువజట్టుకు తర్ఫీదునిచ్చిన షమీల్ చెంబకత్ చేతికి పగ్గాలు వచ్చాయి. 13 జట్లలో 12వ స్థానం దక్కింది. ఆ తర్వాత పేరు మార్చి, మూటాముల్లె సర్దుకుని జట్టును ఢిల్లీకి తీసుకుపోయారు. పూణె నుంచి వచ్చిన బండి ఆరేళ్లు ఇక్కడ ఆగి ఢిల్లీ దారి పట్టింది.

జీతగానికి జీతం ఇవ్వకుండా, ఎడ్లకు మేత వేయకుండా, పొలం సరిగా దున్నలేదని కోప్పడే ఆసామిని ఊళ్లో ఎవరైనా మెచ్చుకుంటారా? మరి ఫుట్‌బాల్ విషయంలో మనం ఆసామిని వదిలేసి జీతగాణ్ణి ఎందుకు తిడుతున్నాం?

అదే కోచ్, అక్కడ ఓటమి

కోచ్ ఒక్కడితోనే అంతా అవుతుందన్నవారికి మార్కెజ్ కథే జవాబు. హైదరాబాదుకు కప్పు తెచ్చిన ఆ మార్కెజ్‌నే 2024 జులైలో భారత జట్టుకు కోచ్‌గా నియమించారు. ఎనిమిది మ్యాచ్‌లు ఆడించాడు. ఒక్కటే గెలిచాడు, అదీ మాల్దీవుల మీద. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓడాక, జులైలో సెలవు తీసుకున్నాడు. మనిషి అదే, చదువు అదే, అనుభవం మరింత పెరిగింది. ఫలితం మాత్రం తారుమారైంది.

ఆయన తప్పు అసలే లేదా అంటే ఉంది. భారత జట్టు కోచ్‌గా ఉంటూనే మొదటి ఏడాదంతా గోవా జట్టుకూ కోచ్‌గా పనిచేశాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు. కాని ఆ రెండో పడవ ఎక్కవచ్చునని అనుమతించింది ఎవరు? అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలు కారా?

ఆయనకు ముందున్న క్రొయేషియా కోచ్ ఇగోర్ స్టిమాచ్ సంగతీ చూద్దాం. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా జట్లతో మూడు మ్యాచ్‌లూ ఓడారు. ఒక్క గోలు వేయలేదు. జూన్‌లో స్టిమాచ్‌ను తొలగించారు. ఒప్పందం గడువు ఇంకా ఉండగానే తొలగించినందుకు 4 లక్షల డాలర్లు పరిహారం చెల్లించవలసి వచ్చింది. ఆ సొమ్ముతో ఎన్ని జిల్లాల్లో పిల్లలకు బంతులు, బూట్లు వచ్చేవో లెక్క వేసుకోవచ్చు.

2025 ఆగస్టులో మన దేశస్థుడే అయిన ఖాలిద్ జమీల్‌కు బాధ్యత అప్పగించారు. అక్టోబరు 14న గోవాలో, సొంత గడ్డ మీద, సింగపూరు చేతిలో 1-2 తేడాతో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోగొట్టుకున్నాం. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడాం. విదేశీ కోచ్‌తో ఓడాం, స్వదేశీ కోచ్‌తోనూ ఓడాం. అటు సమాఖ్యకూ, లీగును నడిపే సంస్థకూ మధ్య ఒప్పందం కొలిక్కి రాక 2025-26 సూపర్ లీగు నెలల తరబడి మొదలే కాలేదు. ఆటే లేకపోతే ఆటగాడికి ఏ కోచ్ ఏమి నేర్పగలడు?

పది గోళ్లు తిన్న కోచ్

దీనికి భిన్నమైన చరిత్ర మన హైదరాబాదుకే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో వచ్చిన "మైదాన్" హిందీ సినిమా పుణ్యమా అని నేటి తరానికి కొంత తెలిసింది. ఆయన వృత్తి బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు బంగారు పతకం సాధించింది.

ఆ మరుసటి ఏడే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, అదే రహీం జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో చాలామందికి కాళ్లకు బూట్లు లేవు. ఈ కాలంలో అయితే కోచ్‌ను విమానాశ్రయంలోనే ఇంటికి పంపి ఉండేవారు. ఆనాటి పెద్దలు అంత తొందరపడలేదు. బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు జట్టును మళ్లీ రహీం చేతికే అప్పగించారు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరో బంగారు పతకం తెచ్చింది. అప్పటికే రహీంను క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆయన గొప్పదనం పతకాల్లోనే లేదు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌కు మైదానం దాకా వచ్చి సాధన చేయడానికి దారిఖర్చులు లేవు. సైకిలు అద్దెకు డబ్బు రహీం సాబే ఇచ్చారని బలరామ్ చెప్పుకునేవాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడే మెల్‌బోర్న్‌లోనూ జకార్తాలోనూ దేశం తరఫున ఆడాడు. నాడు ఒక బడిపంతులు తన జేబులోంచి సైకిలు అద్దె కట్టి ఆటగాణ్ణి తయారుచేశాడు. నేడు కోట్ల వ్యవహారం నడిపే యాజమాన్యాలు ఆటగాడికి రావలసిన జీతమే ఎగవేస్తున్నాయి.

నాటి జట్టు మనుషులు ఇక్కడివాళ్లు. పోలీసు శాఖలో నెల జీతం ఉండేది, సాధనకు మైదానం ఉండేది. జట్టును ఎత్తుకుపోవడం ఎవరి తరమూ కాదు. 2022లో కప్పు గెలిచిన జట్టు మాటేమిటి? ఫైనల్‌లో మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో హైదరాబాదు కుర్రాడు ఒక్కడూ లేడు. వారు మనవాళ్లు కారని కాదు, చెమటోడ్చి మన ఊరి పేరు నిలబెట్టారు. కాని ఇక్కడ వేరు పాతుకోని చెట్టును ఎవరైనా పెకలించుకు పోగలరు. అదే జరిగింది.

స్టేడియానికి జనం రాలేదు కనుక జట్టు నిలవలేదని సమర్థించేవారూ ఉన్నారు. జనం పలచబడిన మాట నిజమే. కాని కిరాణా కొట్టులో సరుకు లేకుండా గిరాకీ రాలేదని షావుకారు ఏడిస్తే ఏమి లాభం? పేరున్న ఆటగాళ్లందరూ వెళ్లిపోయాక, వారం వారం ఓటమి చూడటానికి టికెట్టు కొనేవారు ఎందరు?

మన జిల్లాకు ఏమిటి సంబంధం?

ఎంతో సంబంధం ఉంది. మన నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య నేడు భారత మహిళా జట్టు క్రీడాకారిణి. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ జట్టుకు ఆడింది. 2025 జులైలో థాయిలాండ్ గడ్డ మీద థాయిలాండ్‌ను 2-1తో ఓడించి, మన మహిళలు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించిన పోటీల్లో ఆమె ఉంది. మగవారి జట్టు అర్హత సాధించలేక చతికిలపడిన ఏడాదే ఈ విజయం వచ్చింది. తండాలో పుట్టిన ఆడపిల్ల ఇంత దూరం పోగా, మన జిల్లాలో ఇంకెందరు సౌమ్యలు బంతి ముట్టకుండానే పెళ్లిపీటలు ఎక్కుతున్నారో ఎవరు చెప్పగలరు?

2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు అంటూ బోర్డులు వెలిశాయి. మంచిదే. కాని ఫుట్‌బాల్ మైదానానికి 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే మన లెక్కలో సుమారు ఎకరా ముప్పై గుంటలు కావాలి. ఎకరం, అరెకరం ముక్కల్లో కబడ్డీ, వాలీబాల్ ఆడవచ్చు గాని ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడటం కుదరదు. ప్రతి ఊరికీ అంత స్థలం సాధ్యం కాదు. మండలానికి ఒక్కటైనా, హైస్కూలు ఆవరణలోనైనా, కబ్జా కాకుండా కాపాడుకోలేమా?

కనుక పెద్దలకు చేసుకునే విన్నపాలు ఇవి. మొదటిది, సూపర్ లీగులో ఆడే ప్రతి జట్టూ ఏడాది జీతాలకు సరిపడే సొమ్మును సీజనుకు ముందే బ్యాంకులో జమ చేయాలి. జమ చేయని జట్టును బరిలోకి దించరాదు. రెండోది, ఒక ఊరి పేరుతో ఆడిన జట్టును మరో ఊరికి తరలించదలిస్తే, సమాఖ్య ముందుగా ఆ ఊరి అభిమానుల మాట, రాష్ట్ర సంఘం మాట వినాలి. మూడోది, భారత జట్టు కోచ్‌కు వేరే కొలువు ఉండరాదు. అతనికి కనీసం నాలుగేళ్లు గడువిచ్చి, ఓడితే ఎందుకు ఓడామో సమాఖ్య పెద్దలే పత్రికాముఖంగా చెప్పాలి. కోచ్‌ను ముందుకు నెట్టి తాము చాటున దాక్కోవడం మానాలి.

నాలుగోది మన చేతిలోనే ఉంది. జిల్లా క్రీడాధికారులు, ఫుట్‌బాల్ సంఘం వారు కలిసి వరి కోతలయ్యాక ఏటా మండలాల మధ్య బాలబాలికలకు లీగు పోటీలు నడపాలి. ఒక్క రోజులో ఓడి ఇంటికి పోయే పోటీ కాకుండా, ప్రతి జట్టుకూ పది మ్యాచ్‌లైనా దక్కే పోటీ కావాలి. ఆడితేనే ఆట వస్తుంది. హైస్కూళ్లలో ఖాళీగా ఉన్న డ్రిల్లు మాస్టారు పోస్టులు నింపాలి. పిల్లల బస్సు చార్జీలు, బంతులు, బూట్ల ఖర్చు గ్రామ పంచాయతీలు, సహకార సంఘాలు, ఊళ్లో స్తోమత గలవారు తలా ఒక చేయి వేసి భరించాలి.

ఢిల్లీకి పోయిన జట్టు తిరిగి రాకపోవచ్చు. మరో కంపెనీ మరో పేరుతో హైదరాబాదుకు వచ్చినా రావచ్చు. వచ్చిన రోజున కోచ్ ఎవరని అడిగే ముందు, జీతాలకు సొమ్ము ఎక్కడ జమ చేశారు, మన జిల్లాల పిల్లలను ఎందరిని తీసుకుంటారు అని అడగడం మన అభిమానులు నేర్చుకోవాలి.